ఆవిడ ఎవరండీ?

మా ఇంటికి మొదటిసారి వచ్చినవారు కుర్చీలో కూర్చుని, మంచినీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టేలోగా ఒక ప్రశ్న తప్పకుండా వేస్తారు.

ముందుగదిలో తూర్పు గోడకు వేంకటేశ్వరస్వామి పటం ఉంది. దాని పక్కన మా తాతగారి పటం. ఆ రెండింటికీ కొంచెం ఎడంగా, పది అంగుళాల పొడవూ ఎనిమిది అంగుళాల వెడల్పూ గల నలుపు తెలుపు ఛాయాచిత్రం ఒకటి. ఎత్తయిన వేదిక మీద ఒక అమెరికన్ యువతి నడిచి వస్తున్నది. మోకాళ్ళ కిందికి దిగిన గళ్ళ కోటు. చేతులకు తెల్లని తొడుగులు. ఒక పాదం వేదిక మీద ఆనింది, రెండోది ఇంకా గాలిలోనే ఉన్నది. వేదికకు అటూ ఇటూ టోపీలు పెట్టుకున్న స్త్రీలు కుర్చీలలో కూర్చుని ఒళ్ళోని నోటు పుస్తకాలలో ఏదో రాసుకుంటున్నారు. ఒకావిడ మాత్రం వేదిక వైపు చూడడం లేదు. చేతి గడియారం చూసుకుంటున్నది. ఫోటో మీద, ఆ యువతికి రెండు పక్కలా, ఎవరో ఎర్ర పెన్సిలుతో నిలువు గీతలు గీశారు.

"ఆవిడ ఎవరండీ?"

"తెలియదండీ" అంటాను.

తెలియని మనిషిని తాతగారి సరసన ఎందుకు పెట్టుకున్నారని నోటితో అడగరు, కళ్ళతో అడుగుతారు. మన ఇళ్ళలో గోడ ఎక్కాలంటే దేవుడైనా కావాలి, కీర్తిశేషుడైనా కావాలి. ఈ యువతి రెండూ కాదు. పైగా మా వంశంలో కోటు తొడిగిన స్త్రీ ఇంతవరకూ లేదు.

అనువాదం నా వృత్తి. ఇంగ్లీషు సాహిత్యంలో ఎం.ఏ. చేసి, కళాశాలలో షేక్‌స్పియర్ చెబుతానని కలలు కని, చివరికి మందుల పెట్టెలలోని సూచనలూ, బీమా పత్రాలూ, అప్పుడప్పుడూ ఒక మంచి పుస్తకమూ తెలుగు చేస్తూ ఇరవై ఏళ్ళు గడిపాను. 2012లో ఒక ప్రచురణ సంస్థవారు పాశ్చాత్య దుస్తుల చరిత్రను విద్యార్థుల కోసం తెలుగు చేయమని నాకు అప్పగించారు. గుడ్డను నేతకు ఐమూలగా కత్తిరించే పద్ధతికి నేను ఒక సంస్కృత సమాసం తయారు చేసి, మా వీధి చివర దర్జీకి వినిపించాను. ఆయన కత్తెర ఆపకుండానే "క్రాసు కటింగు అనండి మేడమ్, అందరికీ తెలుస్తుంది" అన్నాడు. సమాసం కొట్టివేశాను. కాని ప్రతి మాటకూ దర్జీ దొరకడు కదా! ఒక దుస్తు నడుస్తూ ఉంటే ఎలా కదులుతుందో చూడకుండా దాని గురించి రాయడం నాకు చేత కాలేదు. పుస్తకంలోని బొమ్మలు మసకగా ఉన్నాయి.

న్యూజెర్సీలో ఉన్న మా పెద్దమ్మ కూతురితో ఈ గోడు చెప్పుకున్నాను. అప్పట్లో అమెరికాలో ఎన్నో దినపత్రికలు తమ పాత ఫోటో భాండాగారాలను వదిలించుకుంటున్నాయి. కంప్యూటరులోకి ఎక్కించుకున్నాక, ఇనప బీరువాల నిండా ఉన్న అసలు ఫోటోలను వ్యాపారులకు టోకున అమ్మివేసేవారు. వారు వాటిని విడివిడిగా చిల్లరకు అమ్మేవారు. అక్క 35 డాలర్లు పెట్టి ఒకటి కొని, ఆ సంక్రాంతికి వచ్చినప్పుడు ఒక పెద్ద పుస్తకం పేజీల మధ్య పెట్టి భద్రంగా తెచ్చింది.

అందరూ ఫోటోను ముందు వైపు చూస్తారు. అక్షరాలతో బతికే దానిని కనుక నేను ముందు వెనక్కి తిప్పాను. వెనుక ఒక కాగితం పీలిక అంటించి ఉన్నది. దాని మీద టైపు అక్షరాలు. పైన ఒక పత్రిక గ్రంథాలయం రబ్బరు ముద్ర, 1961 జనవరి నాటి తేదీ. ఊరు న్యూయార్క్. వసంతకాలపు దుస్తులను పత్రికల వారికి ప్రదర్శించిన సందర్భమని ఉంది. కోటు తయారుచేసిన కంపెనీ పేరు ఉంది. గుడ్డ రకం ఉంది: మద్రాసు గళ్ళు. కోటుతో పాటు చేతి తొడుగులు ఎవరు అమ్ముతారో కూడా ఉంది. తొడిగిన మనిషి పేరు లేదు. ఫోటో తీసిన మనిషి పేరూ లేదు.

కొన్ని నెలలకు నా పుస్తకం అచ్చయి వచ్చింది. లోపలి పేజీలో ముద్రాపకుల పేరు ఉంది, ముఖచిత్రం వేసినవారి పేరు ఉంది, అక్షరాలు కూర్చినవారి పేరు కూడా ఉంది. నా పేరు లేదు. ఫోను చేస్తే, పొరపాటున జారిపోయిందనీ రెండో ముద్రణలో వేస్తామనీ అన్నారు. రెండో ముద్రణ రాలేదు. ఆ రాత్రి ఫోటోను మళ్ళీ తీసి చూశాను. అంతవరకూ పుస్తకాల బీరువాలో ఉన్న దానిని గోడకు పెట్టాలని అప్పుడే అనుకున్నాను. కోపంతో పెట్టానో, సానుభూతితో పెట్టానో ఇప్పటికీ నాకు స్పష్టంగా తెలియదు.

ఈ రకం ఫోటోలను గోడకు అలంకరించుకోవడం, సేకరించడం ఇప్పుడు పాశ్చాత్య దేశాలలో ఒక మోజు. దానికి కారణం పాతదనం ఒక్కటే కాదు. ఫ్యాషన్ ప్రదర్శన చాలాకాలం కెమెరాకు గిట్టని చోటు. పారిస్‌లో 1858లో దుకాణం తెరిచిన చార్లెస్ ఫ్రెడరిక్ వర్త్, దుస్తులను కొయ్యబొమ్మలకు కాక సజీవులైన స్త్రీలకు తొడిగి ఖాతాదారులకు చూపేవాడు. ఆ పద్ధతి పెరిగి పెద్దదయిన కొద్దీ దొంగల భయం కూడా పెరిగింది. ప్రదర్శన చూసి వెళ్ళినవాడు జ్ఞాపకం మీద బొమ్మ గీస్తే, వారం తిరగకముందే నకలు బజారులో ఉంటుంది. అందుకని పారిస్ దుస్తుల గృహాలలో కెమెరాను రానిచ్చేవారు కాదు. పెన్సిలుతో బొమ్మ గీస్తూ పట్టుబడినవారిని బయటికి పంపేవారు. చిత్రాలు ఎప్పుడు ప్రకటించవచ్చో కూడా తేదీ వారే నిర్ణయించేవారు. 1947 ఫిబ్రవరి 12న అవెన్యూ మోంటేన్ వీధి 30వ నంబరు భవనంలో క్రిస్టియన్ డియోర్ తన మొదటి ప్రదర్శన ఇచ్చినప్పుడు ఎత్తయిన వేదిక లేదు. కుర్చీల మధ్య దారిలోనే నడిచారు. గజాల కొద్దీ గుడ్డ పట్టిన లంగాలు గిర్రున తిరుగుతుంటే కుర్చీల పక్కన పెట్టిన బూడిద గిన్నెలు దొర్లిపడ్డాయని చూసినవారు రాశారు.

తలుపులు బార్లా తెరిచినవారు పారిస్ వారు కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో పారిస్ జర్మనుల చేతిలో ఉండగా, 1943లో ఎలినార్ లాంబర్ట్ అనే ప్రచార నిపుణురాలు న్యూయార్క్‌లో "ప్రెస్ వీక్" ప్రారంభించింది. దేశం నలుమూలల ఉన్న పత్రికల వారిని పిలిచి, హోటళ్ళలో కూర్చోబెట్టి, ఒక్క వారంలో అందరి దుస్తులూ చూపించే ఏర్పాటు అది. నా ఫోటో ఆ సంతతికి చెందినది. ఇటలీలో జొవాన్ని బత్తిస్తా జోర్జీని 1951 ఫిబ్రవరిలో ఫ్లోరెన్సు నగరంలోని తన ఇంట్లోనే ప్రదర్శన పెట్టి, మరుసటి ఏడు దానిని పిట్టి రాజభవనంలోని తెల్లని హాలుకు మార్చాడు. అక్కడ పొడవైన వేదిక వేసి, ఒకరి తరువాత ఒకరుగా అన్ని సంస్థల దుస్తులనూ నడిపించాడు.

కెమెరాలు లోపలికి వచ్చాక కూడా, వాటికంటూ నిర్ణయించిన చోటు చాలాకాలం లేదు. 1970లలో, 80లలో ఫోటోగ్రాఫర్లు వేదిక అంచుల వెంట, మోచేతులతో ఒకరినొకరు తోసుకుంటూ, నేల మీద కూర్చుని తీసేవారు. ఆ తరువాతనే అందరినీ వేదిక చివర మెట్ల వంటి దిమ్మె మీదికి చేర్చారు. ఈ మార్పు చిన్నది కాదు. నేటి ర్యాంపు ఫోటోలలో మనిషి ఎదురుగా, నిటారుగా, ఒంటరిగా ఉంటుంది. వెయ్యి ఫోటోలు ఒక్కలాగే ఉంటాయి. పాత ఫోటోలో కెమెరా పక్క నుంచి, కింద నుంచి చూస్తుంది. కనుక దుస్తుతో పాటు ఎదుటి వరుసలోని మనుషులు కూడా పడతారు. ఆవలించేవారు, చెవిలో గుసగుసలాడేవారు, బూట్ల ఒత్తిడికి పాదం బయటికి తీసి పెట్టుకున్నవారు. బ్రిటన్‌కు చెందిన క్రిస్ మూర్ 1934లో పుట్టినవాడు. 1960ల నుంచి అర్ధశతాబ్దానికి పైగా ఈ వేదికలనే చిత్రించాడు. 2017లో వచ్చిన ఆయన సంపుటి తిరగేస్తే, దుస్తులు మారిన తీరు ఎంత కనిపిస్తుందో, ఫోటోగ్రాఫరు కూర్చున్న చోటు మారిన తీరూ అంతే కనిపిస్తుంది.

ఇక ధరల విషయం. రిచర్డ్ అవెడాన్ 1955 ఆగస్టులో పారిస్‌లోని ఒక సర్కసులో డోవిమా అనే మోడల్‌ను డియోర్ గౌనులో ఏనుగుల మధ్య నిలబెట్టి తీసిన చిత్రం జగత్ప్రసిద్ధం. నిలువెత్తును మించిన దాని ప్రతి ఒకటి 2010 నవంబరులో పారిస్ వేలంలో 8,41,000 యూరోలు పలికింది. కొన్నది డియోర్ సంస్థే. అది వేదిక మీద నడుస్తుండగా తీసినది కాదు, కూర్చి తీసినది. అయినా ఈ బజారులో ధరలు ఎంత ఎత్తుకు వెళ్ళగలవో తెలియడానికి చెప్పాను. అక్కడి నుంచి నా 35 డాలర్ల వరకూ మెట్లు చాలా ఉన్నాయి. ఫోటో తీసిన నాలుగైదు ఏళ్ళలోగా కడిగిన ప్రతిని "వింటేజి" ప్రతి అంటారు. అదే నెగటివు నుంచి తరువాత ఎప్పుడో వేసిన ప్రతికి ధర తక్కువ. అయితే అవెడాన్ ఏనుగుల చిత్రానికి ఆ వేలంలో అంత పలికిన ప్రతి 1978లో వేసినది! నియమాలు పెద్దవారికి వర్తించవన్నది మనకు కొత్త సంగతి కాదు.

డోవిమా అన్నది ఆమె అసలు పేరు కాదు. డొరతీ వర్జీనియా మార్గరెట్ అనే మూడు పేర్ల మొదటి అక్షరాలు కూర్చి ఆమె పెట్టుకున్న పేరు. ఆ చిత్రం శీర్షికలోనే ఆమె పేరు ఉంది. ఏనుగుల పేర్లు అందులో లేవు. అంతకు మరుసటి ఏడే, 1956లో, నార్మన్ పార్కిన్సన్ బ్రిటిష్ వోగ్ పత్రిక కోసం జైపూరు వచ్చి, యాన్ గన్నింగ్ అనే మోడల్‌కు గులాబీ రంగు మోహెయిర్ కోటు తొడిగి రాజభవనం ముందు నిలబెట్టాడు. ఆ చిత్రంలో ఆమె పక్కన అలంకరించిన ఏనుగు, దాని మీద మావటి ఉన్నారు. కోటు నూలు ఏ మేక జాతిదో చెప్పవచ్చు. మావటి ఎవరో చెప్పలేము.

సేకరణలో నాకు తగిలిన దెబ్బ కూడా చెప్పాలి. 1973 నవంబరు 28న వెర్సాయి రాజభవనంలో, దాని మరమ్మతుల నిధి కోసం, ఐదుగురు ఫ్రెంచి రూపకర్తలూ ఐదుగురు అమెరికన్ రూపకర్తలూ ఒకే రాత్రి ప్రదర్శన ఇచ్చారు. ఫ్రెంచివారికి భారీ రంగస్థల దృశ్యాలు ఉన్నాయి. అమెరికన్ల వేదిక దాదాపు ఖాళీగా ఉంది. మనుషులు మాత్రం ఉన్నారు. వారి మోడళ్ళలో పదిమంది వరకూ నల్లజాతి యువతులు. ప్యాట్ క్లీవ్‌లాండ్, బెథాన్ హార్డిసన్, బిల్లీ బ్లెయిర్, ఆల్వా చిన్ వంటివారు ఆ వేదిక మీద నడిచిన తీరుకు సభ లేచి నిలబడింది. ఆ రాత్రి కథను రాబిన్ గివాన్ 2015లో పుస్తకంగా రాసింది. దాన్ని చదివిన ఊపులో, 2016లో, ఇంటర్నెట్టులో కనిపించిన "వెర్సాయి అసలు ప్రతి" ఒకదానికి 18,000 రూపాయలు పంపాను. ఒక అనువాదానికి ముందుగా వచ్చిన సొమ్ము అది. మా వారు ఏమీ అనలేదు. ఆ నెల స్కూటరుకు మార్చవలసిన టైర్లు మార్చలేదు, అంతే.

ఫోటో వచ్చింది. ముందు వైపు చాలా అందంగా ఉంది. వెనుక ఏజన్సీ ముద్ర ఉంది, తేదీ ఉంది. భూతద్దం పెట్టి చూస్తే ముఖాల మీద సన్నని సిరా చుక్కలు బారులు తీరి కనిపించాయి. రసాయనాలలో కడిగిన అసలు ఫోటోలో నలుపు తెలుపులోకి పొగలాగా కరుగుతుంది, చుక్కలుండవు. అప్పటికీ ఆశ చావక వెనక్కి తిప్పి రబ్బరు ముద్ర మీద భూతద్దం పెట్టాను. ఆ ముద్ర కూడా అవే చుక్కలతో ఉంది. ఎక్కడో ఒక అసలు ఫోటోకు రెండు వైపులా నకలు తీసి, రెండు వైపులా అచ్చు వేశారన్నమాట. అమ్మినవారికి రాసిన ఉత్తరాలకు జవాబు లేదు.

అప్పటి నుంచి కొన్ని సంగతులు నేర్చుకున్నాను. కొనదలచినవారికి ఉపయోగపడవచ్చు. 1950ల నుంచి ఫోటో కాగితానికి తెల్లదనం కోసం ఒక రసాయనం కలుపుతున్నారు. అతినీలలోహిత దీపం కింద అది నీలంగా మెరుస్తుంది. 1930ల నాటిదని చెప్పిన ఫోటో ఆ దీపం కింద మెరిస్తే అనుమానించాలి. లూయిస్ హైన్ అనే మహా ఫోటోగ్రాఫరు ప్రతులుగా చలామణి అయినవి కొన్ని 1990ల చివర ఈ విధంగానే దొరికిపోయాయి. 1970లలో ప్లాస్టిక్ పూత గల కాగితం వాడుకలోకి వచ్చింది; అంతకు ముందటి ఫోటో కాగితం ఆ నున్నదనం లేకుండా, అంచులు కొంచెం వంకర తిరిగి ఉంటుంది. పాత నలుపు తెలుపు ఫోటో నీడలలో వాలుగా చూస్తే వెండి జిలుగు తేలుతుంది. అది దోషం కాదు, వయస్సు. రంగు ఫోటోలు ఎండకు వెలిసిపోతాయి. మన కోస్తా గాలిలో బూజు అన్నిటికన్నా పెద్ద శత్రువు. గోడకూ పటానికీ మధ్య గాలి ఆడాలి.

మా నాన్నగారికి డెబ్బై ఆరేళ్ళు. చీరాలలో ఉంటారు. చేనేత సహకార సంఘంలో గుమాస్తాగా పనిచేసి విరమించారు. ముందుగదిలో పటం ఉందని చెప్పిన మా తాతగారు మగ్గం మీద రుమాళ్ళు నేసిన మనిషి. చీరాల చుట్టుపక్కల నేసిన ఆ గళ్ళ రుమాళ్ళు మద్రాసు రేవు మీదుగా పశ్చిమ ఆఫ్రికాకు వెళ్ళేవి. నేసింది చీరాల, పేరు మాత్రం "మద్రాసు రుమాలు". నైజీరియాలో కలబారీ అనే జాతి వారు ఈ గుడ్డను "ఇంజిరి" అంటారు. పుట్టుకలలో, అంత్యక్రియలలో వారికి అది లేకుండా జరగదు. అక్కడ పెద్దవారు గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుని, నూనె వాసనను బట్టి అసలుదో నకిలీదో తేల్చేవారట.

ఫోటో వెనుక "మద్రాసు గళ్ళు" అని చదివిన నాడే నా మనస్సు ఎక్కడికి పోయిందో మీరు ఊహించవచ్చు. 1960ల మొదట్లో అమెరికాలో మద్రాసు గళ్ళ గుడ్డకు విపరీతమైన గిరాకీ ఉండేది. ఉతికిన ప్రతిసారీ రంగు కారి గళ్ళు ఒకదానిలో ఒకటి కలిసిపోయేవి. ఆ కారడమే అసలు సరుకుకు గుర్తని అక్కడి వర్తకులు ప్రకటనలు వేసేవారు. న్యూయార్క్ వేదిక మీది ఆ కోటు మా తాతగారి మగ్గం మీద నుంచి దిగిందేమో! అలా కాదని నిరూపించే ఆధారం ఏదీ నా దగ్గర లేదు కనుక, అవునని నమ్మడం చాలా సుఖంగా ఉండేది. ఎవరికీ చెప్పలేదు గాని, ఆ పటాన్ని తాతగారి పక్కన పెట్టడంలో ఈ నమ్మకమూ ఉంది.

నాన్నగారు వచ్చినప్పుడు ఫోటో దింపి చేతికిచ్చాను. కళ్ళజోడు పైకి తోసి, భూతద్దం అడిగి తీసుకుని, చాలాసేపు చూశారు. ఆ యువతి ముఖం చూడలేదు. కోటు చంక దగ్గర, జేబు దగ్గర చూశారు.

"కుట్టు దగ్గర గడి గడితో కలిసింది చూడు. ఇలా కలపాలంటే దర్జీ ఎంత గుడ్డ వృథా చేసి ఉంటాడో!"

"మన గుడ్డేనా నాన్నా?"

ఆయన ఫోటోను ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూశారు. నాకు నవ్వు వచ్చింది గాని, ఆయన నవ్వలేదు.

"కాదమ్మా. ఆఫ్రికాకు పోయే రుమాలు వేరు, అమెరికా చొక్కాలకు పోయే గుడ్డ వేరు. మీ తాతయ్య నేసింది రుమాలు. ఆ గడి పెద్దది, ఇంత సన్నం కాదు. ఇది మద్రాసు పక్క పల్లెల్లో నేసి ఉంటారు. వాళ్ళూ మనలాంటి వాళ్ళే అనుకో."

"రంగు తెలియనిదే ఎలా చెప్పగలవు?"

"గడికి రంగుతో పనేమిటి? పోగు లెక్క చాలదూ?"

పదేళ్ళ నమ్మకం ఆ మాటతో పోయింది. పటం మళ్ళీ మేకుకు తగిలించాను. నాన్నగారు భోజనానికి కూర్చునే ముందు దాని వైపు చూసి, "ఉండనీ, మంచి నేతే" అన్నారు. అల్మారాలో ఉన్న వెర్సాయి నకలు కూడా ఆయనకు చూపించాను. దానినీ వాసన చూసి, ఏమీ లేదన్నట్టు తిరిగి ఇచ్చివేశారు.

ఆ ఏడాదే అక్క, ఆ పత్రిక పాత సంచికలు కంప్యూటరులో దొరుకుతున్నాయని వెతికి, మా ఫోటో అచ్చయిన పేజీ పంపింది. ఒక్క కాలం వెడల్పు. ఎర్ర పెన్సిలు గీతలు ఎందుకో అప్పుడు కళ్ళకు కట్టింది. టోపీల స్త్రీలు, నోటు పుస్తకాలు, గడియారం చూసుకునే ఆవిడ, వేదిక, గాలిలోని పాదం అన్నీ గీతలకు బయట పోయాయి. తల నుంచి మోకాలి దాకా కోటు మిగిలింది. కింద ఒక్క వాక్యం: వసంతానికి గళ్ళు వస్తున్నాయని. వెనుక పీలిక మీద ఉన్న ఐదు వరుసలు ఒక వరుస అయ్యాయి. పత్రిక వదిలేసినదంతా ఈ కాగితం మీద మాత్రమే మిగిలి ఉంది. ఎర్ర గీతలు తడి దూదితో తుడిస్తే పోతాయనీ, తుడిస్తే పటం శుభ్రంగా ఉంటుందనీ కొందరు సలహా ఇచ్చారు. తుడవలేదు.

మన దేశంలో ర్యాంపు ప్రదర్శనలను పెంచినవి మొదట బట్టల మిల్లులు. అహ్మదాబాదులో కాలికో మిల్లు 1960లలో కట్టించిన గుమ్మటం కింద కూడా ప్రదర్శనలు జరిగాయి. అటువంటి ఫోటో ఏదైనా మీ ఇంటి పెట్టె అడుగున ఉంటే, పారవేసే ముందు దయచేసి వెనక్కి తిప్పి చూడండి. పేరు తెలిసిన పెద్దవారు ఎవరైనా ఇంట్లో ఉంటే, మెత్తని పెన్సిలుతో, అంచున, ఇవాళే రాయించండి.

పటం కట్టించడం ఒక పెద్ద ప్రహసనం. మొదట తీసుకువెళ్ళిన పటాల కొట్టులో, వెనుక నిండా జిగురు పూసి అట్టకు అతికిస్తే వందేళ్ళు కదలదని అభయం ఇచ్చారు. ఇంకొక నిమిషం ఆలస్యమైతే పీలికతో సహా అంతా జిగురు పాలయ్యేది. చేతిలోంచి లాక్కున్నంత పని చేసి ఇంటికి తెచ్చాను. మామూలు చట్రంలోనే పదేళ్ళు గడిపి, నాన్నగారు వచ్చి వెళ్ళాక, రెండు వైపులా అద్దం వేసిన చట్రం చేయించాను. వడ్రంగి దానికి ఒక పక్కన, కిటికీ తలుపుకు వేసే చిన్న మడతబందులు రెండు బిగించాడు. ఇప్పుడు మా ఫోటో గోడ మీద తలుపులాగా తెరుచుకుంటుంది. ముందు చూసి, తెరిచి, వెనుక చదువుకోవచ్చు.

వచ్చినవారిలో ఇంగ్లీషు చదవనివారు ఉంటారు కదా అని, వెనుక ఉన్న ఐదు వరుసలనూ తెలుగు చేయడానికి కూర్చున్నాను. పది నిమిషాల పని అనుకున్నాను. ఒక మధ్యాహ్నం పట్టింది. ఇంగ్లీషులో మోడల్ కోటు తొడిగిందని రాస్తే అందులో గౌరవమూ లేదు, అగౌరవమూ లేదు. తెలుగులో ఆ వెసులుబాటు లేదు. "తొడిగింది" అంటే ఒక మాట, "తొడిగారు" అంటే ఇంకొక మాట. పేరు తెలియని మనిషిని ఏమనాలి? బీమా పత్రాలలో ఖాతాదారును బహువచనంలో అంటాను, ఎవరో తెలియకపోయినా. ఈ వ్యాసంలో ఇంతవరకూ ఆమెను ఏకవచనంలోనే అంటూ వచ్చానని ఇది రాస్తూ ఉండగా గమనించాను. చివరికి కాగితం కింద "తొడిగినవారు" అని రాసి, ఎదురుగా చుక్కల గీత పెట్టాను. దాని కింద "చిత్రించినవారు", ఇంకొక చుక్కల గీత. అన్నిటికన్నా కింద, చిన్న అక్షరాలలో, "తెలుగు" అని రాసి నా పేరు రాసుకున్నాను.

మొన్న ఉగాదికి నాన్నగారు వచ్చారు. పటం తెరిచి, నా కాగితాన్ని పై నుంచి కింద దాకా చదివారు.

"నేసినవారు అని ఇంకో గీత పెట్టు" అన్నారు.

కాగితంలో జాగా లేదు. ఇంకొక కాగితం తీసుకుని మొదటి నుంచి మళ్ళీ టైపు చేశాను.